ఆగస్టు మీద వాదన సరే, సెప్టెంబరు సంగతేమిటి?

హిరోషిమా మీద అమెరికా అణుబాంబు వేసిన ఆగస్టు 6 ఏటా రాగానే మన పత్రికల్లో, ఫేస్‌బుక్‌లో అదే వాదన మళ్ళీ మొదలవుతుంది. బాంబు వేయకపోతే జపాన్ లొంగేదా? దండయాత్ర జరిగి ఉంటే ఇంకెన్ని లక్షల మంది పోయేవారు? రెండు పక్షాల దగ్గరా సరుకుంది. 1945 నవంబరు 1న క్యూషూ దీవి మీద సైన్యాన్ని దించాలని అమెరికా ప్రణాళిక వేసుకున్న మాట నిజమే, జపాన్‌కు చెందిన ఒకినావా దీవి పోరులో పారిన నెత్తురు వాళ్ళ కళ్ళ ముందు ఉన్న మాటా నిజమే. ఆగస్టు 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించి, మర్నాడే జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలో అడుగుపెట్టడం టోక్యో పెద్దలను బాంబుకు తీసిపోకుండా కుదిపేసిందనే వారి మాటను కూడా తోసిపుచ్చలేం. ఈ వాదన తెగేది కాదు.

నేను అడిగే ప్రశ్న వేరు. 1945 సెప్టెంబరు 2న అమెరికా యుద్ధనౌక మిసోరీ మీద జపాన్ లొంగుబాటు సంతకాలు అయిపోయాయి. అక్కడి నుంచి 1952 ఏప్రిల్ 28 దాకా జపాన్ అమెరికా నాయకత్వంలోని ఆక్రమణ పాలన కింద ఉంది. ఆగస్టులో చేసిన పనికి యుద్ధం అని ఒక కారణం చూపించుకోవచ్చు. సెప్టెంబరు నుంచి హిరోషిమా, నాగసాకి మనుషుల విషయంలో చేసిన పనికి ఆ కారణం చెల్లదు. తుపాకులు ఆగిపోయాక, శత్రువు చేతులెత్తేశాక, కాలిన మనుషుల గురించిన సమాచారాన్ని తొక్కిపెట్టారు. వాళ్ళ ఒళ్ళు పరీక్షించారు, వైద్యం మాత్రం చేయలేదు. బాంబు సమర్థకులైనా, వ్యతిరేకులైనా దీనికి జవాబు చెప్పాల్సిందేనని నా పట్టు.

ముందు బాంబుల గురించి క్లుప్తంగా, ఎందుకంటే ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. రెండు బాంబులకు రెండు నిర్ణయాలు జరిగాయని అనుకుంటారు. వాషింగ్టన్ నుంచి జులై 25న అమెరికా వైమానిక దళాధికారి జనరల్ స్పాట్జ్‌కు వెళ్ళిన ఆదేశం ఒక్కటే. ఆగస్టు 3 తర్వాత వాతావరణం అనుకూలించగానే హిరోషిమా, కొకురా, నీగాతా, నాగసాకిల్లో ఏదో ఒకదాని మీద మొదటిది వేయాలి, తర్వాతివి తయారైన కొద్దీ వేస్తూ పోవాలి. నాగసాకి కోసం ఎవరూ విడిగా కూర్చుని ఆలోచించలేదు. ఆగస్టు 9న విమానం బయల్దేరింది కొకురాకు. అక్కడ మబ్బు, పొగ కమ్మి గురి కుదరలేదు. ఇంధనం పంపు ఒకటి చెడిపోయి ఉండటంతో ఎక్కువసేపు తిరిగే వీలూ లేదు, అందుకని నాగసాకికి మళ్ళారు. నా అనుమతి లేకుండా ఇంకో బాంబు వేయొద్దని అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశించింది ఆగస్టు 10న, రెండూ పడ్డాక.

హిరోషిమా బాంబులో సుమారు 64 కిలోల యురేనియం ఉంది. అందులో నిజంగా చీలింది కిలో లోపే. నాగసాకిది ఆరు కిలోల పైచిలుకు ప్లుటోనియం. మొదటిది దాదాపు 600 మీటర్ల ఎత్తున, రెండోది 500 మీటర్ల ఎత్తున పేలాయి. ఆ ఎత్తు కావాలని ఎంచుకున్నదే. నేల మీద పేలితే గొయ్యి తవ్వడానికి ఖర్చయ్యే శక్తి గాల్లో పేలినప్పుడు ఇళ్ళను కూల్చడానికి పనికొస్తుంది. గాల్లో పేలితే నేల మీద మిగిలే రేడియోధార్మికత కూడా తక్కువే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీన్నే డాలుగా వాడుకున్నారు. 1945 ఆఖరుకు హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000కు పైగా చనిపోయారని అంచనా.

ఇక జబ్బు సంగతి. పేలిన క్షణంలో గామా కిరణాలు, న్యూట్రాన్లు ఒంట్లోంచి దూసుకుపోతాయి. పైకి గాయం కనబడదు. దెబ్బ తగిలేది ఎముకల్లో మూలుగకు, పేగుల లోపలి పొరకు, వెంట్రుకల కుదుళ్ళకు, అంటే నిత్యం కొత్త కణాలు పుట్టే చోట్లకు. మూలుగ పని మానేసినా రక్తంలో అప్పటికే ఉన్న కణాలు కొన్నాళ్ళు నెట్టుకొస్తాయి. అందుకే చిన్న గీత కూడా పడకుండా బయటపడి, అయినవాళ్ళ కోసం శిథిలాల్లో వెతుకుతూ తిరిగిన మనిషికి రెండో వారంలోనో మూడో వారంలోనో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేది. ఒంటి మీద ఊదా రంగు మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం, గొంతులో పుళ్ళు, దిగని జ్వరం. హిరోషిమాలో తంతి తపాలా శాఖ ఆసుపత్రి డాక్టర్లు రక్త విరేచనాలు చూసి మొదట అంటువ్యాధి అనుకున్నారు, రోగులను విడిగా ఉంచే ఏర్పాటు చేశారు. టోక్యో నుంచి మైక్రోస్కోప్ వచ్చాక గానీ అసలు సంగతి బయటపడలేదు. ఆరేడు వేలు ఉండాల్సిన తెల్లకణాలు జబ్బు ముదిరిన వాళ్ళలో వెయ్యి లోపుకు పడిపోయాయి.

ఇలాంటి జబ్బును అంతకుముందు ఏ డాక్టరూ ఇంత పెద్ద ఎత్తున చూడలేదు. మందు లేదు. ఉన్నదల్లా సమాచారం: బాంబు పేలిన చోటికి ఎంత దూరంలో ఉన్నవాళ్ళకు ఏమవుతోంది, ఎన్నో రోజున కణాలు అట్టడుగుకు పడుతున్నాయి, ఎవరు తేరుకుంటున్నారు, పక్క ఆసుపత్రిలో ఏం చేస్తే పనిచేసింది. డాక్టరు నుంచి డాక్టరుకు ఈ కబురు ఎంత వేగంగా చేరితే అంతమంది బతికే అవకాశం. ఆక్రమణ పాలన కత్తెర వేసింది సరిగ్గా ఇక్కడే.

సెప్టెంబరు 3న విల్‌ఫ్రెడ్ బర్చెట్ అనే ఆస్ట్రేలియా విలేకరి ఒంటరిగా రైలెక్కి హిరోషిమా చేరాడు. పైకి బాగానే ఉన్నవాళ్ళు కూడా తెలియని జబ్బుతో చనిపోతున్నారని అతను రాసిన వార్త 5న లండన్ డెయిలీ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. మర్నాడు జార్జ్ వెల్లర్ అనే అమెరికన్ నాగసాకి చేరి వరుసగా వార్తలు రాశాడు. పద్ధతి ప్రకారం వాటిని టోక్యోలో ఆక్రమణ పాలన అధిపతి జనరల్ మెకార్థర్ సెన్సారుకు పంపాడు. ఒక్కటీ అచ్చు కాలేదు. వెల్లర్ చనిపోయాక, అరవై ఏళ్ళకు, కార్బన్ కాపీలు అతని కొడుక్కి దొరికితే అప్పుడు లోకం చదివింది. ఈలోగా అమెరికా సైన్యం తరఫున జనరల్ ఫారెల్ టోక్యోలో విలేకరుల ముందు కూర్చుని, బాంబు అంత ఎత్తున పేలింది కాబట్టి నేల మీద రేడియేషన్ మిగిలే ప్రశ్నే లేదన్నాడు. పైన చెప్పిన డాలు ఇదే. నేల మీద మిగిలింది తక్కువే కావచ్చు. పేలిన క్షణంలో ఒంట్లోకి దిగిన దాని మాటేమిటి? చనిపోతున్నవాళ్ళు చనిపోతున్నది దానివల్ల కదా! ఒక ప్రశ్నకు సరైన జవాబిచ్చి రెండో ప్రశ్నను దాటేయడం అంటే ఇదే. నవంబరులో బాంబు ప్రాజెక్టు అధిపతి జనరల్ గ్రోవ్స్ ఇంకా ముందుకు వెళ్ళాడు. రేడియేషన్ చావు చాలా సుఖమైన చావని డాక్టర్లు అంటున్నారని అమెరికా సెనేట్ కమిటీ ముందు చెప్పాడు.

సెప్టెంబరు 19 తేదీతో ప్రెస్ కోడ్, అంటే పత్రికలకు ఆక్రమణ పాలన పెట్టిన నియమావళి, వచ్చింది. పది సూత్రాలు. వాటిలో అణుబాంబు అన్న మాట ఎక్కడా లేదు. ప్రజాశాంతికి భంగం కలిగించేది రాయకూడదు, మిత్రరాజ్యాల మీద విధ్వంసకర విమర్శ చేయకూడదు, ఇలాంటివే. ఆ రెండు సూత్రాల్లో ఇమడనిది ఏముంటుంది? కోడ్ రాకముందే నమూనా చూపించారు. బాంబు వాడకం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమన్న హతోయామా ఇచిరో మాటలు అచ్చు వేసినందుకు అసాహి పత్రికను రెండు రోజులు మూసేశారు. ఆ హతోయామా తర్వాత జపాన్ ప్రధాని అయ్యాడు.

సెన్సారు పనితీరు తెలిస్తే గానీ దాని బలం అర్థం కాదు. అచ్చుకు ముందే ప్రూఫు కాపీలు సెన్సారు ఆఫీసుకు వెళ్ళాలి. వేల మంది జపాన్ ఉద్యోగులే వాటిని చదివి, అనుమానం ఉన్నవాటిని ఇంగ్లీషులోకి మార్చి పై అధికారులకు పంపేవారు. యుద్ధకాలపు జపాన్ ప్రభుత్వం కూడా సెన్సారు చేసేది, కానీ తీసేసిన చోట చుక్కలో సున్నాలో పెట్టనిచ్చేది. ఏదో కొట్టేశారని పాఠకుడికి తెలిసేది. ఆక్రమణ పాలన ఆ గుర్తులను కూడా నిషేధించింది. నల్ల గీత వద్దు, ఖాళీ జాగా వద్దు, పేజీని మళ్ళీ కూర్చి అతుకు కనబడకుండా ఇవ్వాలి. సెన్సారు ఉందన్న మాటే అచ్చులో రాకూడదు. ఇలా పోగుపడిన కాపీలు ఇప్పుడు అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. సెన్సారు అధికారి పెన్సిలు గీతలు వాటి మీద అలాగే ఉన్నాయి.

అణుబాంబు మీద పూర్తి నిషేధం లేదని కొందరు చరిత్రకారులు అంటారు, అది నిజమే. హిరోషిమాలో స్థానికంగా కొన్ని కవితలు, కొన్ని వ్యాసాలు వచ్చాయి. కానీ ఏది ఎలా వచ్చిందో చూడండి. న్యూయార్కర్ పత్రిక 1946 ఆగస్టులో ఒక సంచిక మొత్తం జాన్ హెర్సీ రాసిన హిరోషిమా కథనానికి ఇచ్చింది, అమెరికా అంతా చదివింది. అదే హిరోషిమా జనం దాన్ని తమ భాషలో చదవడానికి 1949 దాకా ఆగాల్సి వచ్చింది. నాగసాకి డాక్టరు నగాయ్ తకాషి రాసిన పుస్తకానికి అదే ఏడాది అనుమతి ఇచ్చారు, ఒక షరతు మీద: ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో జపాన్ సైన్యం చేసిన దురాగతాల మీద ఒక భాగాన్ని చివర కలిపి అచ్చు వేయాలి. మనీలా ఘోరం నిజం, దాని మీద వంద పుస్తకాలు రావాలి. ఒక డాక్టరు తన రోగుల గురించి రాసుకున్నదానికి దాన్ని ముడిపెట్టడం దేనికి? చచ్చినవాళ్ళు చావదగినవాళ్ళేనని పాఠకుడికి గుర్తుచేయడానికి తప్ప నాకు ఇంకో కారణం కనబడదు.

ఫొటోల కథ ఇంకా బాధ. ఆగస్టు 6న హిరోషిమా ఊళ్ళో జనాన్ని ఫొటో తీసింది చూగోకు షింబున్ పత్రిక ఫొటోగ్రాఫర్ మత్సుషిగే యోషితో. ఇరవై నాలుగు ఫొటోలకు సరిపడా ఫిల్ము ఉన్నా, ఆ రోజు మొత్తానికి అతని దగ్గర మిగిలినవి ఐదు. మొదటి రెండూ బాంబు పేలిన చోటికి రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మియుకి వంతెన దగ్గర, ఉదయం పదకొండు దాటాక తీసినవి. పోలీసు ఔట్‌పోస్టు ముందు రోడ్డు మీద కూలబడిన జనం, ఎక్కువ మంది బడి పిల్లలు. జుట్టు కమిలిపోయి, బట్టలు పీలికలై, చేతుల మీద చర్మం జారిపోయి ఉంది. కాలిన చోట పూయడానికి ఉన్నది వంటనూనె. ఆ పిల్లలు అక్కడ ఎందుకున్నారంటే, వైమానిక దాడుల్లో మంటలు పాకకుండా ఇళ్ళు కూల్చి ఖాళీ జాగాలు చేసే పనికి పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళను ప్రభుత్వమే పంపింది. ఆ ఉదయం హిరోషిమాలో అలా పనిలో ఉన్న పిల్లలు ఎనిమిది వేల పైమాటే. వాళ్ళలో ఆరు వేల మంది దాకా పోయారు. బాధితుల ఫొటోలు జపాన్ అంతటికీ చేరింది 1952 ఆగస్టు 6 నాటి అసాహి గ్రాఫ్ సంచికతో, ఆక్రమణ ముగిసిన మూడు నెలలకు. నిప్పోన్ ఎయిగా సంస్థ తీసిన సినిమా రీళ్ళను 1946లో అమెరికా పట్టుకుపోయింది. కాపీ తిరిగి జపాన్‌కు వచ్చింది 1967లో.

సైనిక రహస్యం కాబట్టి దాచారనే జవాబు వెంటనే వస్తుంది. అది నిలవదు. బాంబు ప్రాజెక్టు ఎలా సాగిందో, అందులోని భౌతికశాస్త్రం ఏమిటో వివరించే స్మైత్ నివేదికను అమెరికా ప్రభుత్వమే 1945 ఆగస్టు 12న బయటపెట్టింది. యురేనియాన్ని వేరు చేసే పద్ధతుల గురించి ఎవరైనా కొనుక్కుని చదువుకోవచ్చు, మూలుగ పాడైన రోగి తెల్లకణాల లెక్క మాత్రం అచ్చు వేయకూడదు! జపాన్ డాక్టర్ల పరిశోధనలకు అనుమతి తప్పనిసరని 1945 నవంబరు 30న టోక్యో సమావేశంలో చెప్పారు. వాళ్ళ నివేదికల పూర్తి సంపుటాలు వెలువడింది 1953లో. అప్పటికి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉధృతి చాలావరకు వచ్చేసింది.

వీటన్నిటికీ మించి నన్ను కుదిపే విషయం ఒకటుంది. మెకార్థర్ సిబ్బంది 1946 ఫిబ్రవరిలో సుమారు వారం రోజుల్లో ముసాయిదా రాసిన రాజ్యాంగం 1947 మే 3న అమల్లోకి వచ్చింది. దాని 21వ అధికరణం ఎలాంటి సెన్సారూ ఉండరాదని, ఉత్తరాల గోప్యతను ఉల్లంఘించరాదని స్పష్టంగా చెబుతుంది. అది రాయించిన కార్యాలయమే ఆ తర్వాత రెండేళ్ళకు పైగా పత్రికలను సెన్సారు చేసింది, ఉత్తరాలు చింపి చదివింది. టోక్యో యుద్ధనేరాల విచారణలో భారత న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ రాసిన వెయ్యి పేజీలు దాటిన భిన్నాభిప్రాయం అణుబాంబును కూడా ప్రశ్నించింది. ఆక్రమణ ముగిసేదాకా అది జపాన్‌లో అచ్చు కాలేదు.

ఇక పరీక్షల సంగతి. ట్రూమన్ 1946 నవంబరులో ఆదేశించగా అణుబాంబు బాధితుల కమిషన్ ఏర్పడింది, జనం దాన్ని ఏబీసీసీ అనేవారు. 1947లో హిరోషిమాలో పని మొదలైంది, తర్వాత హిజియామా గుట్ట మీద సొంత భవనాలు కట్టుకుంది. శాస్త్రంగా చూస్తే దాని పనికి వంక పెట్టలేం. పుట్టబోయే పిల్లల్లో లోపాలు వస్తాయా అని తేల్చడానికి వాళ్ళు ఎంచుకున్న దారి చూడండి. అప్పట్లో బియ్యం రేషను మీద వచ్చేది. ఐదో నెల దాటిన గర్భిణి పేరు నమోదు చేయించుకుంటే అదనపు రేషను ఇచ్చేవారు. ఆకలి రోజులు కాబట్టి ఎవరూ వదులుకోరు. ఆ నమోదు దగ్గరే ఏబీసీసీ వాళ్ళు గర్భిణుల వివరాలు తీసుకున్నారు, ప్రసవం కాగానే మంత్రసాని కబురు పంపేది, డాక్టరు వెళ్ళి బిడ్డను చూసేవాడు. 1948 నుంచి 1954 దాకా ఇలా చూసిన జననాలు 70,000 పైచిలుకు. తల్లిదండ్రులు బాంబుకు గురయ్యాక కడుపున పడ్డ పిల్లల్లో లోపాలు స్పష్టంగా పెరిగిన దాఖలా కనబడలేదు. బాంబు పడే నాటికే కడుపులో ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా 8 నుంచి 15 వారాల మధ్య ఉన్నవాళ్ళలో, చిన్న తల, బుద్ధిమాంద్యం కనబడ్డాయి.

కానీ గుట్ట మీదికి వెళ్ళిన మనిషికి ఏం దక్కింది? జీపు వచ్చి ఎక్కించుకుపోతుంది, బట్టలు విప్పించి పరీక్షిస్తారు, రక్తం తీస్తారు, ఫొటో తీస్తారు, మళ్ళీ దింపేస్తారు. ఆ రోజు కూలి పోతుంది. మందు ఇవ్వరు. వైద్యం చేయకూడదన్నది కమిషన్ విధానం. అమెరికన్ డాక్టర్లకు జపాన్‌లో ప్రాక్టీసు లైసెన్సు లేదనీ, స్థానిక డాక్టర్ల పొట్ట కొట్టినట్టవుతుందనీ కారణాలు చెప్పారు. మూడో కారణం కూడా లోపల నడిచింది: వైద్యం చేస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని. కొందరు డాక్టర్లు మనసొప్పక చాటుగా సాయం చేశారు, వాళ్ళకు దండం పెట్టాలి. చనిపోయినవాళ్ళ అవయవాల నమూనాలు వాషింగ్టన్ వెళ్ళాయి, 1973లో తిరిగొచ్చాయి.

ఆ పరీక్షల ఫలం ఈరోజు మన ఊళ్ళ దాకా వచ్చింది. సుమారు 1,20,000 మందిని దశాబ్దాల తరబడి గమనించిన ఆ అధ్యయనమే రేడియేషన్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న లెక్కకు ప్రపంచమంతా వాడే ప్రధాన ఆధారం. లుకేమియా ఆరేడేళ్ళకు ఉధృతమై తగ్గుతుందని, మిగతా క్యాన్సర్లు పదేళ్ళ తర్వాత మొదలై జీవితాంతం వెంటాడతాయని తెలిసింది వాళ్ళ శరీరాల మీదే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సీటీ స్కాన్ గదిలో పనిచేసే టెక్నీషియన్ ఛాతీకి తగిలించుకునే రేడియేషన్ కొలిచే బ్యాడ్జి, అతని ఒంటికి తగిలే రేడియేషన్ ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలమానం) దాటకూడదన్న పరిమితి, చాలావరకు ఆ లెక్కల మీదే నిలబడ్డాయి. ఆ రుణం మనమూ వాడుకుంటున్నాం. అందుకైనా ఆ లెక్కలు ఎలా వచ్చాయో తెలుసుకోవాలి.

ఎదుటి మాటలు నాకు తెలుసు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది జపాన్ విమానాలే. మలయా తోటల నుంచి జపాన్ వేయించిన సయాం (నేటి థాయ్‌లాండ్), బర్మా రైలుమార్గానికి ఈడ్చుకుపోయి చంపిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ సామ్రాజ్యం మీద నాకు ఇసుమంత జాలి లేదు. ఆక్రమణ పాలన మంచి కూడా చేసింది. భూస్వాముల మిగులు భూమి కొని కౌలు రైతుకు ఇచ్చిన సంస్కరణ మన దగ్గర భూసంస్కరణల గతి చూసినవాళ్ళకు అసూయ పుట్టిస్తుంది. 1946 ఎన్నికల్లో ఆడవాళ్ళు మొదటిసారి ఓటేశారు, 39 మంది గెలిచారు. రెడ్‌క్రాస్ డాక్టరు మార్సెల్ జూనో 1945 సెప్టెంబరులో హిరోషిమాకు టన్నుల కొద్దీ మందులు చేర్చగలిగాడంటే ఆ మందులిచ్చింది అమెరికా సైన్యమే. అంటే చేతకాక కాదు, వాళ్ళకు చేతనవును. అందుకే మిగతా ఏడేళ్ళకు క్షమాపణ లేదంటున్నాను.

జపాన్ ప్రభుత్వం చేతులూ శుభ్రంగా లేవు. యుద్ధకాలపు సహాయ చట్టం గడువు రెండు నెలలే అంటూ 1945 అక్టోబరులో వైద్య శిబిరాలు ఎత్తేసింది. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం 19వ అధికరణం కింద మిత్రరాజ్యాల మీద తన పౌరుల నష్టపరిహార హక్కులన్నీ వదులుకుంది. బాధితులకు ఉచిత వైద్య పరీక్షల చట్టం 1957లో వచ్చింది, అదీ 1954లో పసిఫిక్‌లోని బికినీ దీవుల్లో అమెరికా పరీక్షించిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడి దేశమంతా ఉడికిపోయాక. 1963 డిసెంబరు 7న టోక్యో జిల్లా కోర్టు బాధితులు వేసిన షిమోదా కేసులో ఆ బాంబుల వాడకం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని తీర్పు చెప్పింది, పరిహారం మాత్రం ఇప్పించలేకపోయింది.

సమాచారం తొక్కిపెట్టిన ఫలితం ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తోంది. బాంబు తర్వాత మసి, రేడియోధార్మిక ధూళి కలిసి కురిసిన నల్లవాన ఎక్కడెక్కడ పడిందో 1945లోనే హిరోషిమా వాతావరణ కేంద్రం ఉద్యోగులు ఊరూరా అడిగి పటం గీశారు. చేతిలో వనరుల్లేక, సెప్టెంబరు 17 తుపానులో మట్టి కొట్టుకుపోయాక చేసిన పని అది. 1976లో ప్రభుత్వం ఆ పటంలో జోరుగా వాన పడ్డ 19 కిలోమీటర్ల పొడవు, 11 కిలోమీటర్ల వెడల్పు అండాకారాన్నే గుర్తించింది. ఏటికి ఇవతలి గట్టు వాళ్ళు బాధితులు, అవతలి గట్టు వాళ్ళు కారు. గీతకు అవతల ఉన్న 84 మంది, తడిసిన చొక్కా, తాగిన నీళ్ళు గుర్తు చేసుకుంటూ సాక్ష్యం చెప్పి 2021 జులైలో హిరోషిమా హైకోర్టులో గెలిచారు. అప్పటికి కొందరు వాదులు తీర్పు చూడకుండానే పోయారు. నాగసాకిలో అలాంటి వాళ్ళే వేసిన కేసులో 2024 సెప్టెంబరులో జిల్లా కోర్టు 44 మందిలో 15 మందిని మాత్రమే బాధితులుగా ఒప్పుకుంది.